పక్కింట్లో దాచిన చిక్కుడు గింజలు

మా ఊరి మస్తాన్‌బీ పిన్ని పంపిన పొట్లం విప్పగానే బూడిద వాసన వచ్చింది. లోపల చిక్కుడు గింజలు. నాకు ముందు నాయనమ్మ మీద పాత కోపమే గుర్తొచ్చింది.

పెరటి పాదుకు కాసిన కాయల్లో మంచివాటికి నాయనమ్మ ఎర్ర గుడ్డపేలికలు కట్టేది. వాటిని ఎవరూ కోయకూడదు. పుచ్చినవి మాత్రం మా కూరలోకి! ఎవరో పెద్ద చుట్టం వస్తాడు కాబోలని నేను రోజూ వీధిలోకి చూసేదాన్ని. ఎవరూ రాలేదు. కాయలు తీగమీదే ఎండిపోయాయి.

నాయనమ్మ విత్తనానికని గింజలు ఒలిచి, పురుగు పట్టకుండా బూడిద పట్టించి, సగం మా కుండలో పోసి, మిగతా సగం పక్కింటి మస్తాన్‌బీ పిన్ని కొంగులో పోసింది. నాకు ఏడుపొచ్చింది.

మరుసటి ఏడు మా కుండలోని విత్తనాలన్నీ ఎలకలు తినేశాయి. నాయనమ్మ తాపీగా పక్కింటికెళ్ళి దోసెడు గింజలతో వచ్చింది.

“అడుక్కొచ్చావా?” అన్నాను సిగ్గుపడుతూ.

“అడుక్కునేదేందే? మనయ్యే. ఆళ్ళింట్లో దాచా.”

ఇచ్చేసినవి మనవెట్లా అవుతాయో నాకు చానాళ్ళు అంతుబట్టలేదు.

ఇప్పుడు నరసరావుపేటలో, మా ఫ్లాటు బాల్కనీ కుండీల్లో సగం గింజలు పెట్టాను. మిగతా సగం గుప్పిట్లో పట్టుకుని, పేరైనా తెలియని ఎదురింటావిడ తలుపు కొట్టాను. ఇవి మీకు అనాలో, మావి దాచిపెట్టండి అనాలో తేలకుండానే తలుపు తెరుచుకుంది.