సాంబయ్య గారి కొలత

ఈ ఉదయం కొత్త సైకిల్ అట్టపెట్టె కోయగానే టైరు రబ్బరు వాసన గుప్పుమంది. సరిగ్గా అప్పుడే కొట్టు ముందు నుంచి మిర్చి బస్తాల లారీ వెళ్ళింది. రబ్బరు వాసనా మిర్చి ఘాటూ ముక్కులో కలిసి తుమ్ముల మీద తుమ్ములు. చిలకలూరిపేటలో తుమ్మినవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. సాంబయ్య గారు ఉండి ఉంటే మాత్రం లోపలి నుంచి అరిచేవారు: "మెల్లగా తుమ్మరా, చక్రాలు వంకర పోతాయి!" ఈ సైకిల్ కొట్టు ఆయనదే. నాకు ఆయన యజమాని, బడి సగంలో మానేసిన నాకు ఆ తర్వాతి చదువంతా ఆయనే. ఇప్పుడు కొట్టు నేను చూసుకుంటున్నాను. తుమ్మితే తిట్టేవాళ్ళు లేరు.

ఆయన్ని మొదటిసారి చూసేనాటికి నేను పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో పనిచేస్తున్నాను. ఆదివారాలు సరదాగా తిరగడానికి సైకిల్ కొనాలని వచ్చి, కొట్టులోకెల్లా పెద్దదాన్ని, ఎర్రదాన్ని పట్టుకున్నాను. పెద్దదానికీ చిన్నదానికీ ఒకే ధర అయినప్పుడు చిన్నది తీసుకోవడానికి నాకేమైనా పిచ్చా? మా వైపు అందరి లెక్కా అదే.

"చెప్పులు విప్పి, బార్‌కి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడు," అన్నారు సాంబయ్య గారు. నిలబడ్డాను. మడమలు నేలకి ఆనలేదు. "ఇది నువ్వు తొక్కే సైకిల్ కాదురా, నిన్ను తొక్కే సైకిల్."

"అయితే ఒక స్టూలు కూడా ఇప్పించండి. ఆగిన చోటల్లా వేసుకుని దిగుతాను."

ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. "ఇంత నోరు పెట్టుకుని మిల్లులో దూదికి కబుర్లు చెబుతున్నావా? రేపట్నించి కొట్టుకి రా." వెళ్ళాను. అలా వెళ్ళినవాణ్ణి తిరిగి రాలేదు.

రంగు గురించీ గేర్ల గురించీ ఎవరైనా నోరెత్తితే ఆయన వినేవారు కాదు. ముందు వట్టి కాళ్ళతో నిలబడాలి, బార్‌కీ ఒంటికీ మధ్య మూడు వేళ్ళ సందు ఉండాలి. తర్వాత సీటు మొనకి మోచెయ్యి ఆనించి చెయ్యి చాపాలి, వేళ్ళు హ్యాండిల్ దాకా అందాలి. "సీటు ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు. ఫ్రేము మాత్రం పుట్టిన కొలతే," అనేవారు. ఒకసారి పొదిలి వైపు నుంచి ఒక రైతు, తన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, "ఎదిగే పిల్లాడు కదండీ, రెండు సైజులు పెద్దది ఇవ్వండి," అన్నాడు. "చొక్కా పెద్దదైతే చేతులు మడుచుకుంటాడు. సైకిల్‌ని ఎక్కడ మడుస్తాడయ్యా?" అని సాంబయ్య గారు పిల్లాడికి సరిపోయేదే ఇచ్చి పంపారు. ఎదిగేవాళ్ళ గురించి మేము ఎన్ని కబుర్లయినా చెప్పుకున్నాం. తగ్గేవాళ్ళ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఆయనకి సాయంత్రాలు, సెలవులు అంటూ ఏమీ లేవు. ఉన్నదల్లా పొద్దున పూట సైకిల్ సవారీ ఒక్కటే. తన పొడవాటి నల్ల సైకిల్ మీద బైపాస్ పక్క రోడ్డు వెంట, పత్తి చేల దాకా వెళ్ళి వచ్చేవారు. నేనూ వెనకాలే వెళ్ళేవాణ్ణి. భార్య పోయిన తర్వాత కూడా ఆ సవారీ మానలేదు. "అదీ మానేస్తే ఇక పొద్దున్నే లేవడం దేనికిరా?" అన్నారొకసారి. ఆ మాట నేను తేలిగ్గా తీసుకున్నాను.

కొన్నాళ్ళకి, దారిలో మేము ఆగే టీ బంకు దగ్గర ఆయన సైకిల్ దిగడం మానేశారు. కరెంటు స్తంభం పట్టుకుని, సీటు మీదే కూర్చుని, టీ అక్కడికే తెమ్మనేవారు. "జమీందారు గారు నేల మీద కాలు పెట్టరా?" అని నేను అందరిలో ఎగతాళి చేశాను. అందరూ నవ్వారు, ఆయన కూడా. గ్లాసు ఇవ్వడానికి దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను. కాలి బొటనవేలు నేలని వెతుక్కుంటోంది, అందడం లేదు. స్తంభం వదిలితే పడిపోతారు.

ఆ మధ్యాహ్నం బార్ లేని చిన్న సైకిల్ ఒకటి తుడిచి ఆయన ముందు పెట్టాను.

"ఆడవాళ్ళ సైకిల్ ఎక్కించి నన్ను ఊరేగిస్తావురా?"

"మీరిప్పుడు కస్టమరు, బాబాయ్. కొట్టులో కస్టమరు మాట చెల్లదు. చెప్పులు విప్పండి."

చెప్పులు విప్పి, తన నల్ల సైకిల్ దగ్గరికే వెళ్ళి, బార్‌కి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడ్డారు. మూడు వేళ్ళు పెట్టబోయాను. ఒక్క వేలికి కూడా చోటు లేదు. ఆయన తల వంచి నా చేతినే చూస్తూ ఉండిపోయారు. "మోకాళ్ళు అరిగి, కాళ్ళు వంగి కుంగుతున్నాయని డాక్టరు ఎప్పుడో చెప్పాడు," అన్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు కొలుస్తావు."

మర్నాడు చిన్న సైకిలే తొక్కారు. దారిలో ఎవరో "ఇదేంటి సాంబయ్యా, కోడలిదా?" అని అడిగితే, "నా ఒంటికి కుట్టించుకున్నాను, నీ చొక్కాలాగా అరువుది కాదు," అని బదులిచ్చి ముందుకి పోయారు. టీ బంకు దగ్గర రెండు పాదాలూ నేలకి ఆనించి నిలబడి నావైపు చూశారు. ఆ సంవత్సరం పత్తి తీతలు అయ్యేదాకా మళ్ళీ మునుపటిలాగే తిరిగారు.

తర్వాత ఒక పొద్దున సైకిల్ నడిపించుకుంటూ కొట్టు ముందుకి వచ్చారు. "ఇదీ పెద్దదైపోయిందిరా."

సీటు అప్పటికే అట్టడుగున ఉంది. "ఇంకా చిన్నది తెప్పిస్తాను, బాబాయ్."

"మూడు చక్రాలదా? హారన్ కూడా పెట్టించు." జోకు ఆయనే వేశారు. నేను కొట్టు తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాను.

సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని ఇద్దరం నడిచాం. హ్యాండిల్ ఆయన పట్టుకున్నారు, సీటు నేను. బరువంతా దాని మీదే వేసి అడుగులు వేస్తున్నారు. "తొక్కుతున్నంతసేపూ నాలో ఏం తగ్గిందో తెలిసేది కాదురా. దిగేటప్పుడే తెలిసేది," అన్నారు. పత్తి చేల దాకా వెళ్ళలేకపోయాం. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో, ఒక పొద్దున ఆయన నిద్ర లేవలేదు.

నా కబుర్లు ఇప్పటికీ తగ్గలేదు, సైకిళ్ళు అమ్మేది వాటితోనే. కానీ నడివయసు దాటినవాళ్ళు పొద్దున పూట సవారీకని సైకిల్ కొంటే, ఏడాది తిరగగానే ఒకసారి కొట్టుకి రమ్మంటాను.

"సైకిల్ సర్వీసింగుకా?" అంటారు.

"కాదండీ, మిమ్మల్ని మళ్ళీ కొలవాలి."

నేను ఏదో జోకు వేశాననుకుని గట్టిగా నవ్వుతారు. నవ్వనిస్తాను.