రోడ్డు కింద దారి

తోటి పనివాళ్లు ఆమెను చీపురు పిన్ని అంటారు. అడవిని రెండుగా చీల్చిన పెద్ద రోడ్డు కింద, జంతువులు అవతలి చెరువుకు వెళ్లడానికి కట్టిన సొరంగాన్ని ఊడ్వడం ఆమె పని. కొంగు నడుముకు బిగించి, ముక్కు నేలకు తగిలేంతగా వంగి ఊడుస్తుంది. కోడలు కడిగిన కంచాన్ని మళ్లీ కడుక్కుని తినే మనిషి. పేడ, పెంటికలు ఎత్తి పారేసి, ఎవరూ చెప్పకపోయినా ఇంటి నుంచి తెచ్చిన ఫినాయిలు పోసి కడిగేది. "నా వంటిల్లు కూడా ఇంత శుభ్రంగా ఉండదు" అని మురిసిపోయేది. ఎండలు ముదిరేసరికి అక్కడ పెంటికన్నది కనబడలేదు. తన కష్టం ఫలించిందనుకుంది.

ఒక ఉదయం రోడ్డు మీద లారీ గుద్దిన దుప్పి పడి ఉంది. పక్కకు లాగుదామని చెయ్యి వేస్తే, దాని పొట్టలో పిల్ల ఒకసారి కదిలి ఆగిపోయింది.

"కింద దారుండగా ఇది పైకెందుకొచ్చింది బాబూ?" అని అడవి గార్డును అడిగింది.

అతను సొరంగంలోకి తొంగి చూసి ముక్కు మూసుకున్నాడు. "తమ వాసన తగిలితేనే అడుగేస్తాయి పిన్నీ. ఇక్కడేమో ఆసుపత్రి కంపు. ఎవరు పోశారిది?"

ఆ రోజు నుంచి ఆమె ఫినాయిలు తేలేదు.

ఇప్పుడు చీపురు బయటే ఆనించి, అడవిలో ఏరుకొచ్చిన పెంటికల్ని తన చేత్తోనే లోపల చల్లుతుంది. మర్నాడు వచ్చి వంగి చూస్తుంది. దుమ్ములో ఆమె అడుగులు తప్ప మరేమీ ఉండవు.