తల తిప్పకుండా నడవడం

మా నాన్న గూడ్సుబండి డ్రైవరు. రిటైరై చాలా కాలమైనా నేను డ్రైవరనే అంటాను. లోకో పైలట్ అన్న కొత్త పేరు ఆయన నోటికీ పట్టలేదు, నా నోటికీ పట్టలేదు. కోర్బా వైపు నుంచి బిలాస్‌పూర్‌కి బొగ్గు లాక్కొచ్చేవాడు. ఇంజనులో ఇద్దరుంటారు. ముందు సిగ్నల్ కనబడగానే ఒకరు చెయ్యెత్తి దాన్ని చూపించి, రంగు పైకి చెప్పాలి. రెండో మనిషి అదే మాట తిరిగి చెప్పాలి. గతౌరా స్టేషను ముందుండే సిగ్నల్‌కి "గతౌరా హోమ్, గ్రీన్" అని నాన్నంటే, "గతౌరా హోమ్, గ్రీన్" అని అసిస్టెంటు అనాలి. తిరుగు మాట రాలేదంటే ఇద్దరిలో ఎవరో సరిగ్గా చూడలేదని లెక్క.

ఈ అలవాటు డ్యూటీలో ఆగకుండా ఇంట్లోకి కూడా వచ్చింది. స్కూటర్ మీద తోర్వా బజారుకు వెళ్తుంటే చౌరస్తా దగ్గర నాన్న చెయ్యెత్తి "రెడ్" అనేవాడు, వెనక కూరల సంచి పట్టుకున్న అమ్మ "రెడ్" అనేది. మా అమ్మానాన్నల మధ్య సరసం ఏదైనా ఉందంటే అదేనేమో. అమ్మ పోయాక ఆ ఉద్యోగం నాకు వచ్చింది. నేను విసుక్కుంటూనే చెప్పేదాన్ని. చెప్పకపోతే రోడ్డు మీద అడుగు వెయ్యడు మరి.

ఆయన గొప్పంతా కళ్లలోనే ఉండేది. రైల్వేలో కంటి పరీక్ష తప్పితే బండి దింపేస్తారు, నాన్న ఒక్కసారీ తప్పలేదు. అలాంటిది ఎడమ కన్ను పూర్తిగా పోయేదాకా మాకు తెలియనే లేదు. డాక్టరు కాలా మోతియా అన్నాడు, మనవాళ్లు నీటికాసులు అంటారట. ఈ జబ్బుకు నొప్పీ గోలా ఏమీ ఉండదు, పక్కలనుంచి చూపు తినుకుంటూ వస్తుంది. కుడి కంటికి కూడా ఎదురుగా ఉన్నదే, గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం డాక్టరు కుడి కన్ను చూసి మొహం మార్చుకున్నాడు. ఒత్తిడి బాగా పెరిగిందనీ, రేపు పొద్దున్నకల్లా హైదరాబాదులో సర్జను ముందు ఉండాలనీ, లేకపోతే ఈ మిగిలింది కూడా దక్కదనీ చెప్పాడు.

రైలైతే మర్నాడు సాయంత్రానికి గాని చేరదు. మా ఊరి నుంచి ఆ రోజు విమానం లేదు. అందుకని కారు మాట్లాడుకుని ఇంకో ఊరి విమానాశ్రయానికి పరిగెత్తాం. ఆ ఊరి పేరు రాయను. రాస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

దారంతా నేను కాలుగాలిన పిల్లిలా ఉన్నాను. టైము చూడడం, డ్రైవర్ని తొందరపెట్టడం, మళ్లీ టైము చూడడం. నాన్న మాత్రం సీట్లో నిటారుగా కూర్చుని, దారిలో వచ్చిన ప్రతి లైటూ చెప్పాడు. నేను ప్రతిదీ తిరిగి చెప్పాను. ఇంకా కనిపిస్తున్నాయా లేదా అని ఆయన పరీక్ష పెట్టుకుంటున్నాడని నాకప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఆ రోజు మా నాన్న ఎలా ఉన్నాడో చెప్పాలి. నల్లటి మనిషి, ఇంజను వేడిలో ఇంకా నల్లబడ్డాడు. అద్దంలో సగం మొహమే కనిపిస్తోందని గడ్డం గీసుకోవడం మానేశాడు, అది గుబురుగా పెరిగింది. వెలుతురు గుచ్చుతోందని నల్లకళ్లద్దాలు. పక్కల ఏముందో తెలియదు కనుక రెండడుగులకోసారి తల ఇటూ అటూ తిప్పుతాడు. కొత్త చోటు కదా, ఇంకా ఎక్కువ తిప్పాడు. ఎవరో వెంటపడుతున్న మనిషి చూసే చూపులా ఉంది అది, నేనూ ఒప్పుకుంటాను.

అసలు అనుమానించాల్సింది నన్ను. చెమటలు కారుతున్నాయి, నిలబడ్డచోట నిలబడలేదు, ముందున్నవాళ్లను తోసుకుంటూ పోతున్నాను. కానీ నాది అమ్మ రంగు, తెలుపు. మా ముందు ఇస్త్రీ చొక్కా తెల్లటాయన ఒకడు ఫోన్లో అరుస్తూ వరస దాటి వెళ్లాడు, వెనక్కొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఆయన్ని జవాను "సర్, ఇటు రండి" అని పిలిచి పంపించాడు. నన్ను "మేడమ్" అన్నాడు. నాన్న వంతు వచ్చేసరికి "తుమ్, కహాఁ సే?" అని, నువ్వెక్కణ్ణుంచని ఏకవచనంలో అడిగాడు. నా వయసు కూడా లేనివాడు.

"బిలాస్‌పూర్ సే, సాబ్," అన్నాడు నాన్న.

తనిఖీ దగ్గర ఆడవాళ్లకు వేరే వరస, మగవాళ్లకు వేరే వరస. అంతవరకూ ఆయన ఎడమ మోచెయ్యి పట్టుకుని మెట్టు వస్తే మెట్టు, మనిషి వస్తే మనిషి అని చెబుతూ వచ్చాను. అక్కడ వదిలేయాల్సి వచ్చింది. ఈయనకి కళ్లు సరిగ్గా కనిపించవని చెప్పాను. "అచ్ఛా, అచ్ఛా, మీరు అటు వెళ్లండి," అన్నారు. వెళ్లాను. నాన్న నన్ను వెతుక్కుంటూ తల తిప్పుతూనే ఉన్నాడు. నల్లకళ్లద్దాలు తీయించి ట్రేలో పెట్టించారు.

మనుషులు దాటే మెటల్ డిటెక్టరు చట్రం పైన చిన్న లైటుంటుంది. నాన్న దాని ముందుకెళ్లి ఆగాడు. తలెత్తి వెతికి వెతికి దాన్ని పట్టుకున్నాడు. కుడి చెయ్యి చాచి, ఇంజను మోతలో వినబడేంత గట్టిగా "గ్రీన్" అన్నాడు.

నేను ఆలోచించలేదు. హాలు అటు చివర్నుంచి, నా చెప్పులు ట్రేలో పెడుతూ, "గ్రీన్" అని గట్టిగా అన్నాను.

హాలంతా ఒక్కసారి మా వైపు తిరిగింది. ఒక జవాను నాన్న చెయ్యి పట్టుకున్నాడు, ఆడ జవాను నా భుజం పట్టుకుంది. ఎవరికి సైగ చేశావని ఆయన్ని అడుగుతున్నారు. మా నాన్నకు అబద్ధం రాదు, సందర్భం అంతకన్నా రాదు.

"మా అసిస్టెంటుకి, సాబ్," అన్నాడు.

"అసిస్టెంటు ఎవడు?"

ఆయన తల తిప్పి తిప్పి నన్ను కనిపెట్టి, వేలు పెట్టి చూపించాడు.

"నాన్నా, నువ్వేం మాట్లాడకు, నాను చెప్తాను," అన్నాను తెలుగులో. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది ఆ ఒక్క మాటే. ఏ భాష అని అడిగారు. తెలుగు అన్నాను. ఇద్దరు జవాన్లు మొహమొహాలు చూసుకున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో నల్లటి గడ్డం మనిషి తెలుగు మాట్లాడితే కొందరికి అడవుల్లోని నక్సలైట్లే గుర్తొస్తారు. "లోపలి జిల్లాల వైపా?" అన్నాడొకడు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు వెయ్యడానికి బిలాస్‌పూర్ వచ్చాడనీ, మేం పుట్టిందీ చదివిందీ రైల్వే కాలనీలోననీ, రేపు పొద్దున్న ఆపరేషన్ అనీ గబగబా చెప్పాను. గబగబా చెబితే నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను, పిల్లలు అలా చెబితే నేనూ నమ్మను.

పక్కగదిలో కూర్చోబెట్టారు. గోడ అవతల మా విమానానికి రమ్మని పిలుస్తున్నారు. నేను లేచాను, కూర్చోమన్నారు, మళ్లీ లేచాను. పై అధికారి వచ్చి నాన్న రిటైర్మెంటు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"డ్రైవరా? కళ్లు కనిపించని డ్రైవరా?"

"డ్యూటీలో ఉన్నప్పుడు కనిపించేవి, సాబ్," అన్నాడు నాన్న. గొంతు కిందికి దిగిపోయింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ అధికారిని కొట్టాలనిపించింది నాకు. మిగిలిన కన్ను అక్కడే, ఆ గదిలోనే పోతోందనిపించింది.

అధికారికి ఒక ఉపాయం తట్టింది. "సరే, మళ్లీ నడిచి చూపించు. చెయ్యెత్తకు, నోరెత్తకు, తల తిప్పకు. మామూలు మనిషిలా తిన్నగా నడువు."

నాన్న రెండు చేతులూ తొడలకు ఆనించుకున్నాడు. "నాన్నా, ఎడమ పక్క..." అని నేను నోరు తెరిస్తే ఆడ జవాను ఆపింది. ఆయన తల తిప్పకుండా నడిచాడు. మొదట బాగానే నడిచాడు. తరవాత కొద్దికొద్దిగా ఎడమకు ఒరిగాడు. పక్కనే వరస కోసం పాతిన ఇనప స్తంభం ఉంది. భుజం దానికి ఠంగుమని తగిలింది. ట్రేల దొంతర కింద పడింది. నాన్న ఆగి, తల తిప్పకుండానే, ఆ స్తంభానికి "మాఫ్ కర్నా భయ్యా" అని క్షమాపణ చెప్పాడు.

మనిషనుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. అధికారి ట్రేలు తనే తీసి పేర్చాడు. "ముందే సరిగ్గా చెప్పాల్సింది," అన్నాడు నాతో. పొమ్మన్నాడు. నేను నాన్న మోచెయ్యి పట్టుకుని పరిగెత్తించాను. తలుపు మూసే ముందు ఎక్కాం.

సీట్లో కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే.

"ఊరుకోమ్మా," అన్నాడు నాన్న భుజం రుద్దుకుంటూ. "ఆళ్ల డ్యూటీ ఆళ్లది."

"నిన్నే ఎందుకు ఆపారు నాన్నా? నన్ను ఆపలేదేటి?"

"నాను అలగ ఉన్నాను కదా," అన్నాడు. అంతే. ఆ "అలగ" అంటే ఏమిటో నేను అడగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పోయింది రాదు గాని ఉన్నది నిలబడుతుందని సర్జను చెప్పాడు. తిరుగు ప్రయాణం రైల్లోనే అన్నాడు నాన్న, సరేనన్నాను. కంటికి కట్టు ఉంది కనుక దారిలో సిగ్నళ్ల సంగతి ఎవరం ఎత్తలేదు.

కట్టు విప్పేశారు. చుక్కలు వేస్తున్నాం. గడ్డం నేనే గీస్తున్నాను. సాయంత్రాలు పట్టాల పక్క రోడ్డు మీద నడిపించుకు వెళ్తాను. అంతా మునుపటిలాగే ఉందనుకోవాలని నాకు ఆరాటం. కానీ నాన్న తల తిప్పడం మానేశాడు. జనం కనబడితే మరీ బిగుసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని తిన్నగా నడుస్తాడు. కరెంటు స్తంభాలకూ నిలబెట్టిన బళ్లకూ గుద్దుకుంటున్నాడు. భుజం మీద పాత దెబ్బ మానేలోపు కొత్తది తగులుతోంది. తిప్పి చూడు నాన్నా అంటే "అలగే" అంటాడు, తిప్పడు.

నిన్న స్టేషను చివర, బండి బయల్దేరడానికి ఇచ్చే స్టార్టర్ సిగ్నల్ పచ్చ పడింది. ఎదురుగా ఉంది, ఆయనకు కనిపించే చోటే ఉంది. కనిపించిందని ఆగిన తీరు చూసి తెలుసుకున్నాను. చెయ్యెత్తుతాడని చూశాను. వెనక కట్టుకున్న చేతులు ఇంకా గట్టిగా బిగిశాయి. ఇంక నేనే చెయ్యెత్తాను. రోడ్డు మీద వాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా "స్టార్టర్, గ్రీన్" అన్నాను.

తిరుగు మాట కోసం చూశాను.

"మెల్లగా అనమ్మా," అన్నాడు నాన్న. "ఎవులైనా చూస్తారు."