విత్తనాల మడిలో నాలుగు గుంజలు

మొన్న నా మనవరాలు కరీంనగర్ బస్సు దిగి, చెప్పుల కాళ్ళతోనే వాకిట్లోకి వచ్చి, స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీలో సీటు వచ్చిందని చెప్పింది. సంతోషమే. కానీ ఆ వెనకాలే, "గదేందో నీకు సమజ్ కాదు తియ్యి నాయినమ్మా" అన్నది. ముందు చెప్పులు బయట విడిచి రమ్మన్నాను. వచ్చి కూర్చున్నాక, ఆ చదువు ఈ ఇంటికి కొత్త కాదనీ, మీ నాన్న పుట్టకముందే అది మన పొలంలో దిగిందనీ చెప్పాను. నేను చదివింది మూడో తరగతి. అయినా ఆ చదువు నిలబడటానికి నేను ఇచ్చినంత ఈ ఇంట్లో ఇంకెవరూ ఇవ్వలేదు. గొప్పకు అనడం లేదు, ఉన్నమాట.

మా చిన్న మరిది సంగతి ఇది. మెట్‌పల్లికి ఆమడ దూరంలో ఉన్న మా ఊరి నుంచి పట్నం పోయి అంత చదువు చదివినవాడు అప్పటికి వాడొక్కడే. నేను కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లు తొడుక్కునేవాడు, నా చేతి జొన్న గట్క తిని పెరిగాడు, అందుకని నేను ఇప్పటికీ వాడనే అంటాను. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్ళకు ఇదే స్టాటిస్టిక్స్‌లో వాడి ఎమ్మెస్సీ ఆఖరు ఏడాది నడిచింది. ఆ వానాకాలం పంట కోతలకు వాడు ఒక తాడు కట్ట, నాలుగు గుంజలు, చిన్న తక్కెడ పట్టుకొని ఇంటికి వచ్చాడు. ఊరి వడ్ల పంట మొత్తం ఎంతో, ఊరంతా కోయకుండానే, అక్కడక్కడ చిన్న ముక్కలు కోసి తూచి చెప్పాలట. అదే వాడి పరీక్ష.

"కొయ్యకుండనే పంట చెప్తడట! పట్నంల గారడి గూడ నేర్పుతున్నరా?" అన్నాడు మా మామ.

నాకు మాత్రం వాడు పొయ్యి దగ్గర కూర్చొని చెప్పాడు. "కుండల మెతుకు పట్టి చూస్తవు గద వదినా, గంతే." పైమెతుకు ఉడికి అడుగు మాడితే ఏం చేస్తావని అడిగాను. "అందుకే, మనకు నచ్చిన కాడ పట్టద్దు. యాడ వస్తే ఆడనే పట్టాలె" అన్నాడు. ఎక్కడ పట్టాలో చెప్పడానికి వాడి దగ్గర ఒక పుస్తకం ఉండేది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంకెలే, ఒకదానికి ఒకటి పొంతన లేకుండా. అందులో ఏ అంకె వస్తే గట్టు మూల నుంచి అన్ని అడుగులు నడిచి, అక్కడ గుంజలు పాతి, తాడు చుట్టి, లోపలి వరి కోయాలి. మామ ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నీ చెల్లాచెదురున్నయి. అచ్చేసినోడు కల్లు తాగి ఏసిండా? వాపస్ ఇచ్చి మంచిది తీసుకరా" అన్నాడు.

నవ్వులాటలు ఎన్ని ఉన్నా మామ షరతు మాత్రం గట్టిది. బెల్లంపల్లిలో ఆయన మేనల్లుడు బొగ్గుబాయి ఆఫీసులో ఉండేవాడు. మరిదికి అక్కడ గుమాస్తా కొలువు చూసిపెట్టాడు. ఈ పంటతో చదువు అయితే అయినట్టు, కాకపోతే నేరుగా బొగ్గుబాయికే. అటు పట్నంలో వాడి గురువు, స్వయంగా వచ్చి చూస్తాననీ, ఒక్క గుంజ జరిగిందని తేలినా మొత్తం పని కొట్టేస్తాననీ చెప్పి పంపించాడు. మా ఇంటాయన ఇంటి విషయాలన్నిటికీ "బాపు ఎట్లంటే గట్లనే" అనే మనిషి, ఆయనతో లాభం లేదు.

సర్కారు వాళ్ళు పంట కొలిచి బలవంతంగా వడ్లు పట్టుకుపోయిన లెవీని మా వైపు రైతులు అప్పటికి మరిచిపోలేదు. కొలిచే మనిషి పొలంలో దిగాడంటే గాదెలో గింజలు పోయినట్టే అని వాళ్ళ లెక్క. మరిది వాగు పక్క పెద్దకాపు పొలంలో సాయంత్రం గుంజలు పాతి వచ్చాడు. తెల్లారి కోతకు పోతే అవి చౌడు మూలన, వరి పలచగా ఉన్నచోట నిలబడి ఉన్నాయి.

"కాకా, గుంజలు నడిచి వచ్చినయా?"

"పందులు కదిలిచ్చినయి కావచ్చు బిడ్డా."

"పందులు తాడు గూడ కట్టినయా?"

పెద్దకాపు తలపాగా సర్దుకొని ఆకాశం వంక చూశాడు. పక్క పొలం ఆయన దాయాదిది. అక్కడ గుంజలు అందుకు ఉల్టా జరిగాయి, కంకులు వంగిపోయిన మంచి చోటికి. అడిగితే, "వానికంటె నాకు తక్కువ పండిందని పట్నంల రాసుకుంటె నా ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు. మరిది మళ్ళీ గట్టు మూల నుంచి కొలిచి పాతబోతే ఇద్దరూ అడ్డం నిలబడ్డారు. ఇద్దరికీ అంతకుముందు మాటలు లేవు, ఆ రోజు మాత్రం ఒకే గొంతుతో మాట్లాడారు. "మాయెందుకు? ముందు మీ ఇంటి పొలం కొయ్యి, చూస్తం."

మా పొలం వంతు వచ్చింది. పుస్తకం తెరిచాడు, అడుగులు కొలిచాడు, పోయి విత్తనాల మడిలో నిలబడ్డాడు.

ఆ మడి సంగతి చెప్పాలి. మా అత్త పుట్టింటి నుంచి కొంగున కట్టుకొని తెచ్చిన సన్నవడ్లు అవి. పోయేముందు నన్ను పిలిచి వాటిని ఒప్పజెప్పింది. పొలమంతా కోశాక, ఆఖరున, గింజ బాగా పండి ఎండాక, ఆడవాళ్ళమే ఆ మడి కోయాలి. మగవాళ్ళ కొడవలి అందులో పడకూడదు. మడి చిన్నది. తాడు చుడితే చుట్టూ అంచు తప్ప ఏమీ మిగలదు. గింజ ఇంకా పచ్చిదనం విడవలేదు, అప్పుడు కోస్తే విత్తనానికి పనికిరాదు.

ఊరి మగవాళ్ళు గట్టు మీద వరసగా నిలబడి చూస్తున్నారు.

"జర పక్కకు జరుపు," అన్నాడు మామ. "నీ పుస్తకమే చెల్లాచెదురాయె, ఒక్క అంకె అటిటైతే ఎవనికెర్క?"

"నాకెర్క బాపు."

"అయితే బొగ్గుబాయిల కూసోని యాది చేసుకో, పో."

మరిది నా వంక చూశాడు. నేను ఎక్కువ ఆలోచించలేదు. మేము జరిపితే, వాళ్ళను జరపొద్దనే నోరు మాకు ఉండదు. కొంగు నడుముకు చెక్కి మడిలో దిగాను.

"మామా, ఇవి అత్త నాకిచ్చినయి. నేనే కోస్త."

"వచ్చే ఏడు ఏం చల్లుతవు?"

"అంచుల మిగిలినయి చల్లుత. వాటినే పెంచుకుంట. ఏడాదిల గాకుంటె రెండేండ్లు."

కొడవలి నేనే పట్టాను. తూచడం అయ్యాక పెద్దకాపు మెల్లగా దిగి వచ్చి, "ఇత్తనాలే కోసుకున్నరంటె ఇది లెవీ కాదు. మాది గూడ కొల్సుకో బిడ్డా" అన్నాడు. ఆ పచ్చి వడ్లను నేను పారేయలేదు. వేయించి, అటుకులు దంచాను. మామ ఆ అటుకులు ముట్టలేదు. కొడుకుతో మాట్లాడనూ లేదు.

కొన్ని రోజులకు గురువు వచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి. మరిది రాసుకున్న అంకెల కాయితాలు పట్టుకొని పొలం పొలం తిరిగి, ప్రతి చోటూ తనే కొలిచాడు. మా మడి దగ్గర ఆగిపోయాడు. చుట్టూ మిగిలిన వరి అప్పటికి బంగారంలా పండి ఉంది.

"ఇది మీ ఇంటి పొలం. ఊళ్ళో ఇంత మంచి పంట నేను చూడలేదు. అంకె సరిగ్గా ఇక్కడే పడిందా, నువ్వు చూసి పెట్టుకున్నావా?" అని అడిగాడు.

మరిది నిజం చెప్పినా గురువు నమ్మేలా లేడు. నేను ముందుకు అడుగు వేసేలోపే, వెనక నుంచి మామ వచ్చి నిలబడ్డాడు.

"సారూ, సూసి పెట్టుకునేటోడైతె గీ మడిని ఇడిసిపెట్టి ఊరంత తిరిగేటోడు. ఇది ఇత్తనాల మడి. జరుపుమన్నది నేను. జరుపకుంటె బొగ్గుబాయికి తోలుతనన్న. అయినా జరుపలే. నా కొడుకు నా మాట ఇనలే, గిది రాసుకో."

గురువు కళ్ళద్దాలు తీసి పైకండువాతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకొని, కాయితం మీద ఏదో రాసి, మరిది భుజం మీద చెయ్యి వేశాడు. వాడు పాసయ్యాడు. బొగ్గుబాయి ముఖం చూడలేదు. ఆ రాత్రి మామ అన్నం ముందు కూర్చొని, "బిడ్డా, అటుకులు ఉన్నయా?" అని అడిగాడు.

ఆ ఏడు ఊరి పంట ఎంతని తేలిందో నాకు గుర్తులేదు. అప్పుడూ అడగలేదు. మామ 'జరుపు' అన్న రోజు నుంచి 'జరుపలే' అన్న రోజు దాకా మాత్రం, నిన్నటివి అన్నట్టు, ఒక్కో పొద్దూ విడివిడిగా చెప్పగలను. ఆ తర్వాత పిల్లలు పుట్టారు, పెళ్ళిళ్ళు చేశాను, పెద్దవాళ్ళను సాగనంపాను. అదంతా గుప్పెట్లో పట్టేంతే అనిపిస్తుంది. ఏళ్ళన్నీ ఒకే పొడుగు అని గోడ మీది క్యాలెండరు అంటుంది. నేను ఒప్పుకోను.