మా గేదెకు ఊపిరాడిన వారం

నాకు కోపం ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేయడం నయం, ఎందుకంటే జరిగినదాంట్లో సగం తప్పు దానిదే. ఆటోనగర్‌లో నాకో చిన్న షెడ్డుంది. లారీ ఇంజన్‌కి కరెంటు జబ్బు చేస్తే, స్టీరింగ్ కింద కేబుల్ గుచ్చి, లాప్‌టాప్‌లో చూసి, ఫలానా సెన్సార్ పోయిందని చెప్పడం నా పని. మా దగ్గర దీన్ని స్కానింగ్ అంటారు. రెంచీ పట్టిన చెయ్యే అయినా, ఆరేళ్లుగా మా ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నది మాత్రం ఆ లాప్‌టాపే.

అది మామూలు లాప్‌టాప్ కాదు. రేకు ఒళ్లు, మూలలకు రబ్బరు, మోసుకెళ్లడానికి పైన పిడి. ఏదో కంపెనీవాళ్లు వాడి వాడి వదిలేస్తే పాతసామాన్ల కొట్లో కొన్నాను. లారీ మీంచి రెండుసార్లు పడింది, ఒకసారి దానిమీద డీజిల్ ఒలికింది. అయినా దానికేం కాలేదు, వెనకవైపు వేడిగాలి బయటికొచ్చే జాలీకి నాలుగు పుల్లలు విరిగాయి, అంతే. నల్లగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, పడుకుంటే ఓ పట్టాన లేవదు. అందుకే దానికి గేదె అని పేరు పెట్టాను.

మొదట్లో బాగానే లేచేది. ఈ మధ్య రెండేళ్లుగా మరీ మొండికేసింది. స్విచ్ నొక్కి, వీధి చివరిదాకా వెళ్లి టీ తాగొచ్చినా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. డ్రైవర్లు విప్పేసిన టైర్ల మీద కూర్చుని ఆవలించేవాళ్లు. నేను దాన్ని తిట్టని తిట్టు లేదు. షెడ్డు తాళం మీద నమ్మకం లేక సాయంత్రం ఇంటికి తెచ్చుకునేవాణ్ని కాబట్టి తిట్లు ఇంట్లో కూడా సాగేవి.

ఇంట్లో మా అమ్మ ఉంటుంది. దివిసీమలో గేదెల్ని మేపి, పాలు పోసి మమ్మల్ని పెంచిన మనిషి.

"గేదెని అలా తిడితే పాలు చేపదురా," అనేది.

"అమ్మా, ఇది లాప్‌టాపే."

"పేరు పెట్టింది నువ్వేగా!"

దసరాకి పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టడం ఆటోనగర్‌లో అందరం చేసేదే. అమ్మ మాత్రం ప్రతి శుక్రవారం గేదె మూత మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నాలుగు అక్షింతలు వేసేది. కస్టమర్లు నవ్వుతారని రెండేళ్ల కిందట నేనే గట్టిగా అరిచి మాన్పించాను. మానేసిందనే అనుకున్నాను.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, నా షెడ్డుకొచ్చే బళ్లలో సగం ఒక్కాయనవే. కైకలూరు వైపు నుంచి ఐసు చేపలు దూర రాష్ట్రాలకు తోలే లారీలు. దార్లో బండి ఆగిందంటే ఐసు కరుగుతుంది, చేప పాడవుతుంది. అందుకే ఆయనకు ప్రతి గంటా గంటే. ఆ సోమవారం ఒక లారీ స్కానింగ్‌కి పూట పట్టింది. సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

"మేస్త్రీ గారూ, శుక్రవారం రెండు బళ్లు పంపుతున్నానండి. అప్పటికి మీ పెట్టె బాగుపడిందా సరే. లేదంటే ఆ రెండో వీధిలో కొత్తగా పెట్టారు చూడండి, వాళ్ల దగ్గరికి పోతాను. ఏమీ అనుకోవద్దండి."

ఏమీ అనుకోవద్దంటే ఎలా? ఆ బళ్లు పోతే షెడ్డు మూసుకుని ఎవరి దగ్గరో కూలికి చేరాల్సిందే. కొత్త లాప్‌టాప్ కొందామంటే చేతిలో ఉన్నది నాలుగు వేలు. పైగా నా స్కానర్ కేబుల్‌కి కావాల్సిన సూదుల సాకెట్టు కొత్తవాటికి ఉండదు. ఉన్న గేదెనే లేపాలి.

మర్నాడు దాన్ని గవర్నర్‌పేట తీసుకెళ్లాను. ఒక లాడ్జి పక్క సందులో, మెట్ల కింద, పాత కంప్యూటర్లు బాగుచేసే ఆవిడొకరున్నారు. నలభై ఏళ్లుంటాయి. ముక్కు మీదికి జారిన కళ్లద్దాల మీదుగా చూస్తూ మాట్లాడతారు.

"ఇంకా బతికే ఉందాండీ ఇది?" అన్నారు గేదెని చూసి.

"బతికించమనే తెచ్చాను."

లోపల తిరిగే పాత డిస్కు తీసేసి, తిరిగే పని లేని కొత్త రకం డిస్కు వేస్తే బాగా పుంజుకుంటుందన్నారు. పాత మెషీన్లోంచి తీసిన ర్యామ్ ముక్క ఒకటి ఉంది, అదీ వేస్తానన్నారు. నా స్కానింగ్ సాఫ్ట్‌వేర్ పోతుందేమోనని నేను గింజుకుంటుంటే, "పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించుతానండీ, కంగారు పడకండి," అన్నారు. అన్నీ కలిపి మూడు వేల లోపే అయింది. బుధవారం మధ్యాహ్నం నా ఎదురుగానే స్విచ్ నొక్కారు. నేను ముక్కు తుడుచుకుని చూసేలోపు తెర వచ్చేసింది! సంతోషం పట్టలేక అక్కడే బజ్జీలు తెప్పించి ఆవిడకీ పెట్టాను. ఇంటికి రాగానే అమ్మకి తెరిచి చూపించాను, మూసి మళ్లీ తెరిచి చూపించాను.

ఆ సంబరం గురువారం పొద్దున పది దాకా ఉంది. షెడ్డులో ఒక పాత టిప్పర్‌కి కేబుల్ గుచ్చి చూస్తుంటే, పది నిమిషాలకు గేదె మళ్లీ చతికిలబడింది. ఒక్కో అక్షరం ఒక్కో యుగం. మర్నాడే శుక్రవారం. స్కూటర్ తీసి, ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో కనపడిన ప్రతి ఆటోవాడినీ తిట్టుకుంటూ గవర్నర్‌పేట చేరాను. మెట్ల కింద నిలబడి, ముంచేశారండీ అంటూ వీధి వినేలా అరిచాను.

ఆవిడ గేదె పొట్ట మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశారు.

"దీని మీద అట్టు పోసుకోవచ్చండీ. ఊపిరాడట్లేదు దీనికి. నిన్న డిస్కు పక్క తలుపులోంచే వచ్చేసింది, అడుగు విప్పే పని పడలేదు."

స్క్రూలు ఒక్కొక్కటీ తీసి, అడుగు రేకు ఎత్తారు. కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు.

"ఏమండీ, ఇందులో పులిహోర గానీ కలిపారా?"

వంగి చూశాను. ఫ్యాను రెక్కల మధ్య, గాలి బయటికెళ్లే దారి పొడుగునా, పచ్చటి గింజలు. పసుపు ఎండి అట్టకట్టింది. దానిమీద కుంకుమ, ఆ పైన దుమ్ము. ఇక్కడికి అక్షింతలు ఎలా వచ్చాయో ఆలోచించాల్సిన పని లేకపోయింది. అరిచినందుకు సిగ్గేసింది గానీ, ఆ సిగ్గు కూడా అమ్మ మీద కోపంగానే మారింది. నా సంగతి అంతే.

ఆవిడ గంటన్నర కూర్చుని బ్రష్షుతో, స్పిరిట్ దూదితో అంతా శుభ్రం చేశారు. చిప్పు మీద వేడి లాగే కొత్త పేస్టు రాశారు. విరిగిన జాలీకి సన్నటి వల ముక్క అంటించారు. గింజల్ని మాత్రం కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చారు. "అక్షింతలు కదండీ, తొక్కకూడదు. మీరే ఏ మొక్కలోనో వేసుకోండి," అన్నారు. అంత అరిచినా, శుభ్రం చేసినందుకు పైసా తీసుకోలేదు.

ఇంటికెళ్లి ఆ పొట్లం అమ్మ ముందు విప్పాను. "చూడు నీ నిర్వాకం! రేపు బళ్లు పోతే అందరం కలిసి ఇవే తిందాం!"

అమ్మ గింజల వంక చూసింది. భయపడిపోయింది పాపం.

"లోపలికి పోయాయా? మూత మీద వద్దన్నావుగా, నీకు కనపడకుండా వెనక పెట్టానురా. ముక్కు దగ్గర."

"దానికి ముక్కేమిటమ్మా?"

"వెచ్చటి ఊపిరి అక్కణ్నించేగా వస్తుంది! ప్రాణం అక్కడే ఉంటుందనుకున్నా. నువ్వు దాన్ని తిట్టినప్పుడల్లా, పాపం దానికేమన్నా అవుతుందేమోనని ఆ శుక్రవారం ఇంకో నాలుగు గింజలు ఎక్కువే వేసేదాన్ని."

ఆ పొట్లంలో ఉన్నవి నా తిట్లే. నేను తిట్టేకొద్దీ అమ్మ అక్షింతలు వేసింది, అమ్మ వేసేకొద్దీ దానికి ఊపిరి బిగిసింది, అది మొండికేసేకొద్దీ నేను ఇంకా తిట్టాను. మూత మీద వేస్తున్నన్నాళ్లూ దులిపితే పోయేవి. వద్దని అరిచింది నేను. ఇంత వయసొచ్చి, అమ్మ నాకు భయపడి దొంగచాటుగా పూజ చేసుకునేలా చేశాను. ఏడుపొచ్చినంత పనైంది.

శుక్రవారం పొద్దున అమ్మ అలవాటు కొద్దీ పళ్లెం పట్టుకొచ్చి, గేదెని చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా అమ్మా. మూత మీద పెట్టు."

"నీ కస్టమర్లు నవ్వరూ?"

"నవ్వనీ."

రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. అక్షింతల గిన్నె మాత్రం వెనక్కి దాచుకుంది.

చేపల లారీలు రెండూ తొమ్మిదికల్లా వచ్చాయి. వెనకాలే కారులో ఆ ఓనరు కూడా దిగాడు. కేబుల్ గుచ్చి స్విచ్ నొక్కాను, లేచింది. ఐదు నిమిషాలు, పది. నిన్న పడుకుంది ఇక్కడే. పదిహేను. వెనకవైపు చెయ్యి పెట్టి చూస్తే గాలి రయ్యిమని వస్తోంది. మొదటి లారీకి గాలి ఒత్తిడి చూసే సెన్సార్ పోయింది, రెండోదానికి వైరు తెగింది. గంటలో రెండూ తేలిపోయాయి.

ఆయన దగ్గరికొచ్చి గేదె మూత వంక చూశాడు. ఇప్పుడు నవ్వుతాడనుకున్నాను. మూతను వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు.

"మంగళవారం ఇంకో మూడు పంపుతానండి," అని కారెక్కాడు.

సాయంత్రం అమ్మ వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. బళ్ల సంగతి అడగలేదు.

"ఇవాళ దాన్ని తిట్టావా?"

"లేదమ్మా. ఒక్క మాటా అనలేదు."

"అయితే గింజలు మిగిలిపోయాయిరా," అంటూ గిన్నె తెచ్చింది. నేను గేదెని వీపు వెనక దాచుకోబోయాను. "దానికి కాదులే, వంగు," అని గుప్పెడు అక్షింతలూ నా నెత్తిన పోసింది. "నీకు ఫ్యాను లేదుగా."