ఏ దేవుడూ లేని గుట్ట

తిరుపతి బేరివీధిలో మునిరత్నం ఇత్తడి సామాన్ల అంగడికి పేరు తెచ్చింది మునిరత్నం కాదు, అతని భార్య జ్ఞానాంబ. అతను మెత్తని మనిషి. వచ్చినవాళ్లు గట్టిగా రెండు మాటలంటే చాలు, ధర తగ్గించేసేవాడు. జ్ఞానాంబ అలా కాదు. బిందెను గోటితో ఒక్క దెబ్బ కొట్టి, ఆ మోత పూర్తిగా వినిపించి, "ఇది మీ మనవరాలి పెండ్లికి కూడా ఇట్నే ఉంటాది, తీసుకోమ్మా" అనేది. ఆ తర్వాత ఇంకెవరు బేరమాడతారు?

అంతటి మనిషి పంతొమ్మిదివందల ఎనభై ఒకటిలో మంచం పట్టింది. పట్టకేం చేస్తుంది? లేక లేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు పంకజాక్షి ఆరేళ్లకే మెదడువాపు జ్వరంతో పోయింది. ఆ రోజు నుంచి జ్ఞానాంబ గోడవైపు తిరిగి పడుకుంది. తల దువ్వుకోదు, ఎవరైనా నోట్లో పెడితే తప్ప ముద్ద మింగదు. కాణిపాకం తీసుకెళ్లారు. తాయెత్తులు కట్టించారు. నిద్రమాత్రలు మింగించారు. చూడవచ్చిన చుట్టాలు "రాత" అని, "ఋణం తీరిపోయింది" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఆమె అడిగేది ఒకటే మాట.

"పాప యాడుండాది?"

చీకటంటే భయపడే బిడ్డ. పక్కన తల్లి లేకపోతే నిద్రపోని బిడ్డ. ఇప్పుడు ఎక్కడ పడుకుంటోంది? ఎవరు అన్నం పెడుతున్నారు? ఏడుస్తోందా? తల్లికి తెలియాల్సింది అంతే. "దేవుని దగ్గరుండాది" అనేవాడు మునిరత్నం. "మీరు సూసినారా?" అనేది ఆమె. చూడలేదు కదా పాపం, తల వంచుకుని అంగడికి వెళ్లిపోయేవాడు.

చివరికి డాక్టరు గోవిందస్వామి దగ్గరికి పోయాడు. పాపకు వైద్యం చేసింది ఆయనే. వయసులో చిన్నవాడు, కొత్త కొత్త వైద్య పత్రికలు తెప్పించుకుని చదువుతాడు. ఆయన అంతా విని, ఈ మధ్యే కనుక్కున్న సంగతి ఒకటి చెప్పాడు. ఒళ్లు బాగా అలిసేట్టు, గుండె దడదడలాడేట్టు, ఆగకుండా కష్టపడితే మనిషి మెదడులో నల్లమందు లాంటిది ఒకటి దానంతటదే ఊరుతుందట. నొప్పి మరుగున పడుతుందట, మనసు తేలికవుతుందట. మాత్రలతో కాని పని దానితో కావచ్చునట.

"ఊరికే నడిస్తే సాలదప్పా. ఆయాసం రావాల. మధ్యలో కూసోకూడదు. మీకేం, ఇంటి ముందరే కొండ ఉండాది గదా" అన్నాడు డాక్టరు.

మునిరత్నం దారంతా ఆలోచించాడు. మంచినీళ్లకే లేవని మనిషితో "కొండెక్కు, మెదడులో మందు ఊరుతుంది" అంటే లేస్తుందా? అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. జన్మలో ఒక చెంబు ధర కూడా ఎక్కువ చెప్పలేని మునిరత్నం ఆ ఒక్క అబద్ధం మాత్రం అతికినట్టే ఆడాడు. మరునాడు తెల్లవారుజామునే స్నానం చేసి, నామం పెట్టుకుని, ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"కల్లో స్వామి అగుపించినాడు జ్ఞానా. పాప ఆయన పక్కనే ఉండాది, మొగంలో ఏ దిగులూ లేదు. వాళ్లమ్మను శనివారం శనివారం నడిసి రమ్మను, అలిపిరి నుంచి గాలిగోపురం దాకా యాడా కూసోకూడదు, అట్టొస్తే బిడ్డను దెగ్గిరికి పంపిస్తా, అన్నాడు."

జ్ఞానాంబ గోడ మీది నుంచి చూపు తిప్పింది. చాలాసేపు మొగుడి ముఖంలోకి చూసింది. అంతకుముందు ఎన్నడూ అబద్ధం చెప్పని ముఖం అది. లేచి, తల దువ్వుకుంది.

మొదటి శనివారం సగం దారిలోనే కాళ్లు వణికాయి. ఆడవాళ్లు మెట్టు మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిదానంగా ఎక్కుతుంటే, ఈమె వాళ్లను దాటుకుంటూ ఆయాసంతో రొప్పుతూ పోయింది. మునిరత్నం బొజ్జ మనిషి, కాసేపటికే చతికిలబడి, దిగిపోయి బస్సెక్కి పైకి వెళ్లి కాచుకున్నాడు. ఆ వారం ఏమీ జరగలేదు. మరుసటి వారం కూడా లేదు. కానీ ఆమె మానలేదు. స్వామి మాటిచ్చాక మానేదెట్లా?

కొన్నాళ్లకు జరిగింది. గాలిగోపురం దగ్గరపడిన చోట, ఇక గుండె పగిలిపోతుందేమో అనుకున్న క్షణంలో, ఒళ్లు దూదయిపోయింది. కాళ్ల నొప్పి ఏమైందో తెలియదు. గాలి చల్లగా తగిలింది, చెట్లన్నీ కడిగి పెట్టినట్టు కనిపించాయి. పాప తన కొంగు పట్టుకుని పక్కనే ఎక్కుతోంది. కంటికి కనబడలేదు, కానీ ఉంది. తల్లికి తెలియదా? జ్ఞానాంబ ఏడాది తర్వాత నవ్వింది. దారిన పోయేవాళ్లు పిచ్చిదనుకున్నారు.

అప్పటి నుంచి శనివారాలే ఆమెకు రోజులు. పాపకు ఇష్టమని బెల్లంపాకంతో చేసిన బొరుగుండలు కొంగున కట్టుకుని పోయేది. ఆ వారం ఇంట్లో జరిగినవన్నీ ఎక్కుతూ చెప్పేది. మిగతా ఆరు రోజులు అంగట్లో కూర్చుని బిందెలు మోగించేది. బిడ్డను పోగొట్టుకున్న ఆడది ఎవరైనా వస్తే, "మన బిడ్డలు సల్లగా ఉండారమ్మా, నేను ఎరుగుదును" అని చెయ్యి పట్టుకుని చెప్పేది. మునిరత్నం ఆ మాట విన్నప్పుడల్లా లోపలికి పోయి తూకపు రాళ్లు సర్దుకునేవాడు.

అట్లా రెండేళ్లు గడిచాయి. ఒకనాడు ప్రసాదం లడ్డు పట్టుకుని ఆమే డాక్టరు దగ్గరికి వెళ్లింది. పాపను కాపాడలేకపోయానని ఆయన బాధపడుతుంటాడేమో, ఆయనకూ చెప్పాలని. బిడ్డలు పోయి మంచం పట్టిన తల్లులు ఇంకెవరైనా వస్తే కొండకు పంపమని అడగాలని.

ఆమె నోరు తెరవకముందే డాక్టరు ముఖం వెలిగిపోయింది.

"సూసినారామ్మా, నేను సెప్పిన మందు ఎంత బాగా పని చేసిందో. మీ ఆయన మిమ్మల్ని ఎట్ట ఒప్పించినాడో గానీ మొత్తానికి ఎక్కించినాడు."

"ఏం మందయ్యా?"

పాపం, మొగుడు చెప్పే ఉంటాడనుకున్నాడాయన. నల్లమందు సంగతి, ఆయాసం సంగతి, మధ్యలో కూర్చోకూడదన్న సంగతి అన్నీ ఉత్సాహంగా వివరించాడు. జ్ఞానాంబ కదలకుండా వింది. మధ్యలో కూర్చోవద్దన్నది స్వామి కాదా? లడ్డు బల్ల మీద పెట్టి, దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఇంటికి వచ్చి మొగుణ్ణి ఏమీ అడగలేదు. అడిగితే అయిపోతుంది. ఆమెకు ఇంకా ఒక ఆశ మిగిలింది. డాక్టరు నోట పలికించింది కూడా స్వామే కావచ్చు కదా? మందు మందే, బిడ్డ బిడ్డే కావచ్చు కదా? తేల్చుకోవాలనుకుంది. ఇత్తడో కాదో మోగించి చూడకుండా నమ్మే మనిషి కాదు కదా ఆమె.

పుట్టిల్లు ఐరాల. అమ్మను చూసి వస్తానని బస్సెక్కింది. ఆ ఊరి చెరుకుతోటల వెనక ఒక రాళ్లగుట్ట ఉంది. దాని మీద గుడి లేదు, సున్నం కొట్టిన రాయి లేదు, కనీసం దయ్యం కథైనా లేదు. పొద్దున్నే జనం చెంబులు పట్టుకుని పోయే గుట్ట అది. అట్లాంటి చోటికి ఏ దేవుడూ రాడు. చచ్చిపోయిన బిడ్డను ఏ తల్లీ అక్కడికి పిలవదు.

గుట్ట కింద నిలబడి తిరుమల వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "సామీ, ఈడ మాత్రం పంపొద్దు" అని మొక్కుకుంది.

ఎక్కింది. ముళ్లకంపలు తప్పించుకుంటూ, ఎక్కడా కూర్చోకుండా, తిరుమల కొండ ఎక్కినట్టే ఎక్కింది. కొస దాకా వచ్చినా ఒగర్పు తప్ప ఏమీ లేదు. ప్రాణం లేచొచ్చింది. నా స్వామి అబద్ధం కాదు, నా బిడ్డ అబద్ధం కాదు అనుకుంది. అయినా ఇత్తడి అంగడి మనిషి, తూకం సరిగ్గా ఉండాలి. కొండంత ఎత్తు లేదు కదా ఇది. దిగి మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగి మళ్లీ ఎక్కింది.

అప్పుడు వచ్చింది.

అదే గాలి, అదే తేలిక. కాళ్ల నొప్పి అట్లాగే మాయమయింది. కంపచెట్లు కడిగి పెట్టినట్టు మెరిశాయి. కొంగు పట్టుకుని పాప అట్లాగే పక్కన నడిచింది. రావద్దని మొక్కుకున్నా, ఆ మురికి గుట్ట మీదికే వచ్చింది. జ్ఞానాంబ రాయి మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తున్నంతసేపూ ఒంట్లో ఆ సంతోషం పొంగుతూనే ఉంది. అంత అసహ్యమైన సంతోషం ఆమె ఎరగదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మునిరత్నం అంగడి మూసి కూర్చుని ఉన్నాడు. ఆమె ముఖం చూడగానే అతనికి అర్థమయింది.

"డాక్టరు సెప్పినాడా?"

"నీకు కల రాలేదు గదా" అంది. పెళ్లయిన నాటి నుంచి అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

అతనికీ కడుపు మండింది.

"నువ్వు సచ్చిపోతా ఉంటే సూస్తా కూసోవాల్నా? నాకు మాత్రం బిడ్డ గాదా? నీకు శనివారం శనివారం పాప దొరికింది. నాకు ఆ అబద్ధం గూడా దొరకలా."

ఆ మాట నిజమే. ఆమె కాదనలేదు.

"నన్ను బతికించినావు. పాపను మాత్రం నువ్వు రెండోసారి సంపినావు. మొదటిసారి జొరమొచ్చి పోయింది, దేవుని మీదేసి ఏడిస్తిని. ఇప్పుడు ఎవురి మీదెయ్యాల?"

శనివారం వచ్చింది. తెల్లవారగానే కాళ్లు కొండవైపు లాగాయి. అలవాటు పడ్డ ఒళ్లు, మందు అడిగింది. ఆమె లేవలేదు, పడుకునే ఏడ్చింది. మునిరత్నం వచ్చి, స్వామి మాట ఎత్తకుండా, బిడ్డ మాట ఎత్తకుండా, ఒళ్లు బాగుండడానికైనా పోయి రమ్మని చేతులు పట్టుకుని బతిమాలాడు. మళ్లీ గోడవైపు తిరుగుతావేమోనని భయమేస్తోందన్నాడు.

"తిరగను. అంగడికొస్తా, వండి పెడతా" అంది జ్ఞానాంబ, కళ్లు తుడుచుకోకుండానే. "ఈ ఏడుపు మాత్రం నాది. దీన్ని ఎవురూ మందేసి తెప్పించలా."