టైము కాకముందే వచ్చింది

పుంగనూరు బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయినవాణ్ణి నేను. బస్సు ఒక్క నిమిషం ఆలస్యమైనా, ముందొచ్చినా మెమో ఇచ్చేవాణ్ణి.

రిటైరయ్యాక ఒకనాడు, కుప్పం నుంచి మదనపల్లె పోయే తొలి బస్సులో వస్తున్నాను. దారిలో డ్రైవరు టీకి ఆపాడు. మళ్ళీ బయల్దేరబోతుంటే, రోడ్డు పక్క గట్టు మీద నిలబడ్డ ఒకమ్మాయి చేతిలోని యాంటెన్నా ఊపుతూ కేకేసింది. ప్లాస్టిక్ పైపుకు కొలత టేపు ముక్కలు కట్టి తనే చేసుకున్నదట.

"ఒక్క నిమిషం ఇంజన్ ఆపప్పా! శాటిలైట్ వస్తాండాది, దాని కూత ఇనాల."

"టైమయింది, ఎక్కమ్మా" అన్నాను, అలవాటు పోక. డ్రైవరు నవ్వి ఇంజన్ ఆపేశాడు.

ఆమె కాగితం మీద రాసుకున్న టైముకు ఇంకా కొన్ని సెకన్లుండగానే, యాంటెన్నాకు తగిలించిన చిన్న రేడియో కీచుకీచుమంది.

"నీ లెక్క తప్పింది. ముందే వచ్చేసిండాదే" అన్నాను.

ఆమె గట్టు మీదే గంతేసింది. "అదేప్పా నాకు కావాల్సింది! అదింకా నేల అంచు కిందనే ఉండాది. గాలి దాని సిగ్నల్ని వంచి మనకాడికి తెస్తాండాది. ఈ లెక్క గాలిని కలపకుండా కట్టినా. ఎంత ముందొస్తాదో సూడాలనే ఈ తిప్పలన్నీ."

అంతలో తూర్పున పొద్దు అంచు కనబడింది. "అదీ అంతే. ఇంకా లేయలేదు, గాలి మనకు ముందే సూపిస్తాండాది" అంది. బస్సులో అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

మదనపల్లెకు ఆలస్యంగా చేరాం. నేను వాచీ చూసుకోలేదు.

ఇప్పుడు రోజూ మిద్దె మీద కాఫీ గ్లాసుతో నిలబడతాను. ఎర్రటి అంచు కనబడగానే "మళ్ళీ ముందొచ్చినావే" అంటాను. మెమో మాత్రం ఇవ్వను.